మందుకి లొంగిన చర్మ క్యాన్సరు మళ్లా ఎందుకు లేస్తాది?

క్యాన్సరు వార్డు బయట కూర్చున్న మనోళ్ల నోట తరచుగా వినపడే మాట ఒకటుంది. "మొదట్లో మందు బ్రహ్మాండంగా పనిచేసిందన్నా. ఏడాది తిరక్కముందే మళ్లా మొదలయింది." ఈ మాట వెనకాలే ఇంకో మూడు మాటలొస్తాయి. దొంగ మందు అంటగట్టారని ఒకరంటారు. పథ్యం సరిగ్గా చెయ్యలేదని ఇంకొకరంటారు. చేసుకున్న కర్మకి ఎవరేం చేస్తారని మూడో మనిషంటాడు.

ఈ మూడింట్లో ఏదీ అసలు కారణం కాదు. కానీ ఈ మాటల వల్ల జరిగే నష్టం మాత్రం నిజం. మందు ఫెయిలయిందని ఆసుపత్రి మానేస్తారు. యాడో పసరు పోస్తారంటే ఆడికి పోతారు. మిగిలిన ఎకరా కూడా అమ్ముకుంటారు. రోగం మాత్రం తన పని తాను చేసుకుపోతా ఉంటాది.

నేను డాక్టర్ని కాదు. పెద్ద చదువులు చదివినోణ్ణి కూడా కాదు. అర్ధవీడు చుట్టుపక్కల పల్లెల నుంచి రోగులకి తోడుగా గుంటూరు, కర్నూలు, హైదరాబాదు తిరగతా, వాళ్ల కాగితాలు చదవతా, అర్థం కాంది డాక్టర్లని అడగతా నేర్చుకున్నా. అట్టా నేర్చుకున్నదాంట్లో ఒక ముక్కని ఇయ్యాల మీకు చెప్తా. చర్మ క్యాన్సరు కణాలు గురిపెట్టి కొట్టే మందుల్ని ఎట్టా తప్పించుకుంటాయి అనేదే ఆ ముక్క. చర్మ క్యాన్సరునే ఎందుకు తీసుకున్నానంటే, ఈ తప్పించుకునే దారుల్ని శాస్త్రవేత్తలు బాగా లోతుగా తవ్వి చూసింది దీంట్లోనే. ఇది అర్థమైతే మిగతా క్యాన్సర్ల సంగతి సగం అర్థమైనట్టే.

మన అరికాలి కింద ఉండే క్యాన్సరు

చర్మ క్యాన్సర్లలో ప్రమాదమైంది మెలనోమా. మన ఒంటికి రంగునిచ్చే కణాలుంటాయి, పుట్టుమచ్చలు తయారయ్యేది కూడా వాటి నుంచే. ఆ కణాలు అదుపు తప్పితే వచ్చేదే మెలనోమా. తెల్లతోలు వాళ్లకి ఎండ వల్ల ఎక్కువగా వస్తాది. మన దేశంలో అరుదు, లక్షమందిలో ఏడాదికి ఒకరికి కూడా రాదు. "మనది నల్లతోలు, మనకెందుకొస్తాది" అని ఊరుకోడానికి మాత్రం లేదు. మనలాంటోళ్లకి వచ్చినప్పుడు అది ఎండ తగలని చోట వస్తాది. అరికాల్లో, అరచేతిలో, గోరు కింద.

బాబ్ మార్లీ బొమ్మ ఉన్న టీషర్టులు మన కుర్రోళ్లు చాలామంది వేసుకుంటారు. జమైకా దేశపు ఆ పాటగాడు చనిపోయింది ఈ రోగంతోనే. కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది. బంతాటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. 1977లో మెలనోమా అని తేలింది. వేలు తీసెయ్యాలని డాక్టర్లు చెప్తే ఆయన ఒప్పుకోలేదు. 1981 మే 11న పోయాడు. అప్పటికి ఆయన వయసు 36.

చెప్పుల్లేకుండా చేలో తిరిగే మన అరికాలికి ముల్లు గుచ్చుకున్నా, రాయి గీసుకున్నా, ఆనె లేచినా పట్టించుకునేదెవరు? నల్లమచ్చ పెరగతా ఉన్నా ఆనె అనుకుంటారు. అందుకే మనోళ్లు ఆసుపత్రికి చేరేసరికి అది గజ్జల్లో గడ్డగా కూడా మారి ఉంటాది. అప్పుడిక కత్తితో పోయేది కాదు, మందులు కావాల. మందులు కావాల్సి వచ్చిన కాణ్ణించే అసలు కథ మొదలు.

పలక మీద ఒక్క అక్షరం తప్పు

మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దిన ప్రాంతం మనది. పంతులు రాసిచ్చిన మాటని పిల్లోడు కిందికి ఇరవైసార్లు దిద్దుతాడు. మూడోసారి ఒక అక్షరం తప్పు రాశాడనుకోండి, నాలుగోసారి పైదాన్ని చూసి రాస్తాడు గాబట్టి ఆ తప్పు కిందికంతా పోతాది. కణం రెండు కణాలయ్యేటప్పుడు కూడా తన జన్యువుల రాతనంతా తిరగరాసుకుంటాది. అప్పుడు పడ్డ అక్షరం తప్పు దాని సంతానానికంతా పోతాది. దీన్నే మ్యుటేషన్ అంటారు.

మన కణంలో బీరాఫ్ అనే ప్రొటీను ఒకటుంది. 2002లో ఇంగ్లండులోని శాంగర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ఒక సంగతి కనిపెట్టారు. చాలా మెలనోమాల్లో ఈ బీరాఫ్ జన్యువులో తప్పు పడి ఉంది. ఎక్కువగా ఒకటే చోట, ప్రొటీనులో 600వ స్థానంలో. మొత్తం 766 పూసలున్న దండలో 600వ పూస మారిపోయినట్టు. ఆ ఒక్క పూస మారితే ఏమైతాదో తెలవాలంటే మన బోరు మోటారు కాడికి రావాల.

కరెంటు లైను నుంచి స్టార్టరుకొస్తాది, స్టార్టరు నుంచి మోటారుకి పోతాది. పచ్చబటన్ నొక్కితే ఆడతాది, ఎర్రబటన్ నొక్కితే ఆగతాది. ఒక్కోసారి స్టార్టరులో కాంటాక్టులు కాలి ఒకదానికొకటి అంటుకుపోతాయి. అప్పుడు ఎర్రబటన్ ఎన్నిసార్లు నొక్కినా మోటారు ఆగదు. బీరాఫ్‌లో ఆ పూస మారితే జరిగేది ఇదే. "పెరుగు, రెండుగా చీలు" అనే ఆర్డరు కణానికి ఆగకుండా పోతానే ఉంటాది. ఆ వరసలో పైనుండే లైను పేరు రాస్, నడుమ స్టార్టరు రాఫ్, దాని కింద మెక్, చివర ఎర్క్. ఈ నాలుగు పేర్లు గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తాయి.

పదిహేను వారాల సంబరం

పాత కీమో మందులు వేగంగా పెరిగే ప్రతి కణాన్నీ కొడతాయి. అందుకే వెంట్రుకలు రాలతాయి, వాంతులవుతాయి. గురిపెట్టిన మందు అట్టా కాదు. అంటుకుపోయిన ఆ స్టార్టరులోకే పోయి చీల దిగ్గొట్టినట్టు పనిచేస్తాది. బీరాఫ్ మీద అట్టా తయారైన మొదటి విజయం వెమురాఫెనిబ్ అనే మాత్ర. 2011 ఆగస్టులో అమెరికా దానికి అనుమతిచ్చింది.

దానికి ముందు 675 మంది మీద జరిపిన పరీక్షలో, ఈ మాత్ర వేసుకున్నోళ్లలో నూటికి 48 మందికి గడ్డలు బాగా తగ్గాయి. పాత కీమో తీసుకున్నోళ్లలో అట్టా తగ్గింది నూటికి 5 మందికే. కానీ రోగం మళ్లా ముందుకు కదలకుండా ఆగిన కాలం చూస్తే, సగటు లెక్కన 5.3 నెలలు. కీమోతో 1.6 నెలలు. గొప్ప మార్పే, కానీ నిలబడలేదు.

అదే ఏడాది ఒక వైద్య పత్రికలో వచ్చిన మూడు ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. 38 ఏళ్ల మనిషి. మొదటి ఫొటోలో ఒళ్లంతా చర్మం కింద గడ్డలు. రెండోది మందు మొదలుపెట్టిన 15 వారాలకి తీసింది. గడ్డలన్నీ కరిగిపోయాయి, చూస్తే జబ్బు మనిషి అనుకోము. మూడోది 23 వారాలకి. పోయిన గడ్డలు తిరిగొచ్చాయి. ఆయన తిన్నది దొంగ మందు కాదు, పేరున్న ఆసుపత్రిలో పరీక్షల మధ్య ఇచ్చిన అసలు మందు. ఆయన గడ్డలోంచి ముక్క తీసి జన్యువులు చదివితే, మొదట కనపడని కొత్త తప్పు ఒకటి దొరికింది. స్టార్టరులో కాదు, దాని కిందుండే మెక్‌లో.

ఆ కొత్త తప్పు యాణ్ణించి వచ్చింది? క్యాన్సరు కణానికి బుర్ర ఉండి ఆలోచించిందా? లేదు. దీనికి సమాధానం మన పత్తి చేలో ఉంది.

పచ్చపురుగు నేర్పిన పాఠం

1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అప్పటికి నేను చిన్నపిల్లోణ్ణి. ఆ తర్వాత పెద్దోళ్ల కాడ విని, పుస్తకాల్లో చదివి తెలుసుకున్నా. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొత్తగా వచ్చినప్పుడు ఒక్కసారి కొడితే పురుగు టపటపా రాలేది. అంతా అదే కొట్టారు, మళ్లా మళ్లా కొట్టారు. కొన్నేళ్లకి పచ్చపురుగు చావడం మానేసింది. డోసు పెంచినా చావలేదు. అప్పుల మీద అప్పులు పెరిగాయి.

పురుగు మందుని చూసి నేర్చుకోలేదు. చేలో లక్షల పురుగులుంటాయి. వాటిలో పుట్టుకతోనే ఒకటీ అరా మందుకి చావని రకం ఉంటాయి. మందు కొట్టకముందు వాటికి ప్రత్యేకమైన లాభమేం లేదు, గుంపులో కలిసి ఉంటాయి. మందు కొట్టినాక మిగతావన్నీ చస్తాయి. తిండికి పోటీ లేదు, చేనంతా వాటిదే. వాటి పిల్లలే చేనంతా నిండతాయి. మందు పాతదే, చేను పాతదే, పురుగుల గుంపు మాత్రం మారిపోయింది.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చినప్పుడు ఇక పురుగు బాధ తీరిందన్నారు. చుట్టూ కొన్ని సాళ్లు బీటీ కాని పత్తి వెయ్యమని, అట్టయితే లొంగే పురుగులు కూడా మిగిలి గుంపు మారకుండా ఉంటాదని శాస్త్రవేత్తలు చెప్పారు. ప్యాకెట్‌తో పాటు ఆ విత్తనాలు కూడా ఇచ్చారు. ఎందుకో రైతుకి అర్థమయ్యేట్టు చెప్పినోళ్లు తక్కువ, వేసినోళ్లు ఇంకా తక్కువ. కొన్నేళ్లకే గులాబీ పురుగు బీటీని దాటేసింది.

గడ్డ కూడా చేను లాంటిదే. చిన్న గడ్డలోనే కణాలు కోట్లలో ఉంటాయి. అన్నీ ఒకే కణం సంతానమైనా, తిరగరాసుకునేటప్పుడు పడ్డ తప్పుల వల్ల ఒకదానికొకటి రోంత తేడాగా ఉంటాయి. ఆ కోట్లలో కొన్నింటికి ముందే మందుని దాటే తప్పు పడి ఉండొచ్చు. మందు మొదలైనాక లొంగేవి చస్తాయి, గడ్డ కరిగినట్టు కనపడతాది, ఇంట్లో సంబరం. స్కానింగులో కూడా కనపడనంత కొద్దిగా మిగిలినవి నెలల్లో మళ్లా గడ్డ కడతాయి. ఈసారి వచ్చిన గడ్డలో ఎక్కువ భాగం లొంగని రకమే.

అందుకే చెప్తున్నా. రోగి ఏదో తినడం వల్లో తినకపోవడం వల్లో జరిగింది కాదిది. ఎవరి శాపమూ కాదు.

తప్పించుకునే దారులు

ఇప్పుడు మళ్లా బోరు కాడికి రండి. స్టార్టరుని చీల దిగ్గొట్టి ఆపాం. అయినా మోటారు ఆడాలంటే ఎన్ని దారులున్నాయో చూడండి.

ఒకటి, స్టార్టర్ల సంఖ్య పెంచుకోవడం. బీరాఫ్ జన్యువుకి ఒకటో రెండో కాకుండా చాలా కాపీలు తయారైతాయి. ఉన్న మందు అన్నింటినీ ఆపడానికి చాలదు.

రెండు, స్టార్టరు ఆకారం మారిపోవడం. కొన్ని కణాల్లో బీరాఫ్ ప్రొటీనులో ఒక భాగం తెగిపోయి, మిగిలిన పొట్టి ముక్కలు జంటలుగా అతుక్కుని పనిచేస్తాయి. ఈ మందు ఒంటరిగా ఉన్నదాన్ని ఆపగలదు గానీ జంటని సరిగ్గా ఆపలేదు.

మూడు, పైన లైనులోనే గోల. రాస్‌లో తప్పు పడితే కరెంటు పోటెత్తి, బీరాఫ్‌కి పక్కనుండే దాని సోదర ప్రొటీన్ల గుండా కిందికి పోతాది. 2010లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ శాస్త్రవేత్తలు రోగుల గడ్డల్లో ఈ దారిని చూపించారు.

నాలుగు, స్టార్టరుని వదిలేసి డైరెక్టుగా తగిలించుకోవడం. స్టార్టరు కాలిపోతే మనోళ్లు వైరు తెచ్చి డైరెక్టు చేస్తారు గదా, అట్టా. మెక్‌లోనే తప్పు పడితే పైన రాఫ్ ఆగినా దానికి లెక్కలేదు. ఆ 38 ఏళ్ల మనిషికి దొరికింది ఇదే దారి.

ఐదు, ఈ మోటారునే వదిలేసి వేరే మోటారు పెట్టుకోవడం. కణం పెరగడానికి ఇంకో దారి కూడా ఉంది. కణం పైపొర మీదుండే తలుపులు కొన్ని జాస్తిగా తెరుచుకుంటే ఆ రెండో దారిలో ఆర్డర్లు పోతాయి.

ఇవన్నీ రాత మారడం వల్ల వచ్చేవి. రాత మారకుండానే తప్పించుకునేవి కూడా ఉన్నాయి. మందు మొదలుకాగానే కొన్ని కణాలు పెరగడం ఆపి నిద్రపోయినట్టు పడి ఉంటాయి. పెరిగే కణం మీదే మందు దెబ్బ గాబట్టి వీటికి తగలదు. ఎండాకాలమంతా నేలలో పడి ఉండి, తొలకరికి మొలిచే తుంగగడ్డ లాంటివివి. ఆ పడి ఉన్న కాలంలోనే వాటిలో కొన్నింటికి శాశ్వతమైన తప్పు పడి పూర్తిగా మొండి కణాలుగా మారతాయి. ఇక గడ్డ చుట్టూ ఉండే మామూలు కణాలు కూడా తెలియకుండానే సాయం చేస్తాయి. అవి వదిలే ఒక రసాయనం క్యాన్సరు కణానికి పక్క తలుపు తెరుస్తాదని 2012లో తేలింది.

ఇంకో చిక్కు ఏందంటే, ఒకే మనిషిలో ఒక గడ్డ ఒక దారిలో, ఇంకో గడ్డ ఇంకో దారిలో తప్పించుకోవచ్చు. అందుకే రోగం తిరగబెట్టినప్పుడు డాక్టరు "మళ్లా ముక్క తియ్యాల" అంటే డబ్బు గుంజడానికే అనుకోవద్దు. మొదటి ముక్క పాత గుంపు సంగతి చెప్తాది. ఇప్పుడున్న గుంపు సంగతి తెలవాలంటే ఇప్పటి ముక్కే కావాల.

మన సుబ్బారావు గారి కాలం నుంచీ ఉన్నదే

ఇది కొత్త మందులకే వచ్చిన తిప్పలు కాదు. క్యాన్సరుకి మందుతో వైద్యం మొదలైన రోజుల్లోనే ఈ గోడ తగిలింది. ఆ కథలో మన తెలుగాయన ఉన్నాడు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో ఆయన బృందం అమినోప్టెరిన్ అనే మందు తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సరు ఉన్న పిల్లలకి దాన్నిచ్చాడు. 1948లో ఆయన ప్రకటించిన లెక్క ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనపడింది. అప్పటిదాకా ఆ రోగమొస్తే చావే. అట్టాంటిది పిల్లలు లేచి ఆడుకున్నారు. కానీ కొన్ని నెలలకి రోగం తిరిగొచ్చింది. సుబ్బారావు గారు అదే ఏడాది ఆగస్టులో చనిపోయాడు.

ఆ మందుకి చెల్లెలు లాంటిది మెథోట్రెక్సేట్. ఇప్పటికీ క్యాన్సరుకీ, కీళ్లవాతానికీ ఇస్తున్నారు. కణాలు దాన్ని ఎట్టా దాటతాయో 1978లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో రాబర్ట్ షిమ్కే బృందం చూపించింది. మందు ఏ ప్రొటీనుని ఆపతాదో ఆ ప్రొటీను జన్యువుకి కణాలు చాలా కాపీలు చేసుకున్నాయి. నేను పైన చెప్పిన మొదటి దారి ఇదే. ఆ తర్వాత ముప్పై ఏళ్లకి మెలనోమాలో మళ్లా అదే ఎత్తుగడ కనపడింది.

కానీ పిల్లల రక్త క్యాన్సరు కథ ఆణ్ణే ఆగలేదు. ఒక మందు కాదు, వేరే వేరే దారుల్లో కొట్టే నాలుగైదు మందులు కలిపి, వరసగా, ఏళ్ల తరబడి ఇచ్చారు. మొదటి మందుని దాటే కణం ఉండొచ్చు, రెండో మందుని దాటే కణమూ ఉండొచ్చు. అన్నింటినీ ఒకేసారి దాటే కణం దొరకడం కష్టం. ఇయ్యాల వైద్యం బాగా అందే దేశాల్లో ఆ పిల్లల్లో నూటికి 90 మంది దాకా బతుకుతున్నారు. మన ఊళ్లల్లో టీబీకి నాలుగు మందులు కలిపి ఇచ్చేది కూడా ఈ లెక్క మీదే. సగంలో ఆపితే మొండి టీబీ వస్తాదని ఆశా కార్యకర్త పోరేది కూడా ఇందుకే.

మెలనోమాలో ఇప్పుడు యాడిదాకా వచ్చారు

అదే లెక్క మెలనోమాకి కూడా పెట్టారు. స్టార్టరుకొక చీల, మెక్‌కొక చీల. డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ అనే రెండు మాత్రలు కలిపి వాడడానికి 2014లో అమెరికా అనుమతిచ్చింది. ఒళ్లంతా పాకిన దశలో ఈ జంట మందు వాడిన 563 మందిని ఐదేళ్లు గమనిస్తే, నూటికి 34 మంది బతికున్నారు. నూటికి 19 మందికి ఐదేళ్లలో రోగం కదల్లేదు. నెలల్లో లెక్కపెట్టే రోగాన్ని ఏళ్లల్లోకి తెచ్చారు. అయినా ఎక్కువ మందిలో కణాలు దాన్ని కూడా దాటుతున్నాయి.

మందు మధ్యలో ఆపి మళ్లా మొదలుపెడితే మొండి కణాలు వెనకపడతాయేమో అని కూడా చూశారు. 2013లో ఎలుకల్లో అది బ్రహ్మాండంగా పనిచేసింది. మనుషుల్లో చేసిన పరీక్ష ఫలితం 2020లో వచ్చింది. రోజూ వాడినోళ్లకి రోగం 9 నెలలు ఆగితే, ఆపి ఆపి వాడినోళ్లకి 5.5 నెలలే ఆగింది. ఈ ముక్క గట్టిగా పట్టుకోండి. జ్వరమొచ్చిందనో, డబ్బు కలిసొస్తాదనో, యూట్యూబులో ఎవరో చెప్పారనో మాత్రలు ఆపొద్దు. పడకపోతే డాక్టరు చెప్పి ఆపిస్తాడు, డోసు తగ్గిస్తాడు. అది ఆయన పని.

ఇంకో దారి మన ఒంట్లో ఉండే కాపలా కణాల్ని లేపడం. దాన్ని ఇమ్యునోథెరపీ అంటారు. బీరాఫ్ తప్పు ఉన్నోళ్లకి ముందు ఇది ఇచ్చి తర్వాత మాత్రలివ్వడం మంచిదా, ముందు మాత్రలిచ్చి తర్వాత ఇది ఇవ్వడం మంచిదా అని పరీక్ష చేశారు. ముందు ఇమ్యునోథెరపీ తీసుకున్నోళ్లలో రెండేళ్లకి నూటికి 72 మంది బతికున్నారు. ముందు మాత్రలు తీసుకున్నోళ్లలో 52 మంది. అవే మందులు, వరస మారితే నూటికి 20 ప్రాణాల తేడా.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాల. బీరాఫ్ తప్పు అందరి మెలనోమాలో ఉండదు. తెల్లోళ్ల ఒంటి మీద వచ్చేదాంట్లో సుమారు సగానికి ఉంటాది, అరికాల్లో వచ్చేదాంట్లో అంతకంటే చాలా తక్కువ. తప్పు లేని కణానికి ఆ మాత్ర వేస్తే ఆర్డరు ఆగకపోగా ఇంకా పెరగతాది. కాబట్టి జన్యు పరీక్ష కాగితం చూడకుండా ఎవరైనా ఆ మాత్ర రాస్తే, ఎందుకు రాశారని అడగండి. అడగడం మర్యాద తప్పడం కాదు.

డబ్బు అడ్డం పడే చోట

ఇదంతా విన్నాక మీకొచ్చే ప్రశ్న నాకు తెలుసు. రెండు మందులు కలపాల, వరస చూడాల, మళ్లా ముక్క తీసి పరీక్ష చెయ్యాల. ఇవన్నీ అర్ధవీడు కూలోడికి అయ్యేపనేనా?

దీనికి మన దగ్గరే ఒక చరిత్ర ఉంది. మందుల పేర్లలో "రాఫెనిబ్" అని వస్తే అది రాఫ్ మీద పనిచేసే మందని గుర్తు. వాటిలో అన్నింటికంటే ముందొచ్చింది సొరాఫెనిబ్. మెలనోమా మీద కూడా వాడి చూశారు, పనికి రాలేదు. కిడ్నీ, కాలేయ క్యాన్సర్లకి పనికొచ్చింది. బేయర్ కంపెనీ మన దేశంలో దాన్ని నెలకి 2,80,428 రూపాయలకి అమ్మింది. 2012 మార్చి 9న భారత పేటెంట్ అధికారి హైదరాబాదులోని నాట్కో కంపెనీకి తప్పనిసరి లైసెన్సు ఇచ్చి, నెలకి 8,880 రూపాయలకి మించకుండా అమ్మాలన్నాడు. మన దేశంలో అట్టాంటి లైసెన్సు అదే మొదటిది. బేయర్ సుప్రీంకోర్టు దాకా పోయింది, 2014లో అక్కడా ఓడింది.

రెండు లక్షల ఎనభై వేలు తొమ్మిది వేల లోపుకి ఎట్టా వచ్చింది? మందు తయారీ ఖర్చు తగ్గి కాదు, చట్టం వాడుకోవడం వల్ల. ఆ చట్టం ఇప్పటికీ ఉంది. వాడమని అడిగే గొంతే తక్కువైంది.

మందుని కణాలు దాటడం ప్రకృతి. కానీ రెండో మందు ఉండీ రోగికి అందకపోవడం ప్రకృతి కాదు, అది మనుషులు చేసిన ఏర్పాటు. డబ్బుల్లేక నెల మానేసి నెల వేసుకునే రోగికి రోగం తొందరగా తిరగబెడితే, ఆ నేరం కణాల మీద తొయ్యడం అన్యాయం.

మనం చెయ్యగలిగింది

మందుని దాటే కణం ఉండే అవకాశం గడ్డ పెద్దదయ్యే కొద్దీ పెరగతాది. కణాలు ఎన్ని ఎక్కువైతే తప్పులు అన్ని ఎక్కువ. గడ్డ చిన్నగా, పైపైన ఉన్నప్పుడు కోసి తీసేస్తే ఈ స్టార్టర్లు, చీలలు, దారులు ఏవీ అవసరం లేదు. మొండి కణం ఉన్నా అది కూడా ఆ ముక్కతో పాటే పోతాది. కత్తిని దాటడం ఏ కణానికీ చేతకాదు, అది చుట్టూ పాకకముందు కోస్తే.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫోను పక్కన పెట్టి చేసే పని ఒకటి చెప్తా. ఇంట్లో అమ్మ, నాయన, అవ్వ, తాత కాళ్లు కడిగి అరికాళ్లు చూడండి. మీయి కూడా చూసుకోండి. నల్లమచ్చ ఒక సగం ఒకలాగ, ఇంకో సగం ఇంకోలాగ ఉందా? అంచులు చిందరవందరగా ఉన్నాయా? నలుపు, గోధుమ, నీలం రంగులు కలిసి ఉన్నాయా? నెలల్లో పెరగతా ఉందా? పుండై మానకుండా ఉందా, నెత్తురు వస్తా ఉందా? గోరు కింద నల్లచార వెడల్పవతా, చుట్టూ ఉన్న తోలుకి కూడా పాకతా ఉందా? వీటిలో ఏ ఒక్కటున్నా చర్మ డాక్టరుకి చూపించండి. చాలా మచ్చలు ఏమీ కాదని తేలతాది, మంచిదే. పోయేది ఒక పూట కూలి, బస్సు చార్జీ.

మచ్చకి సున్నం, సోడా పెట్టి కాల్చొద్దు. వెంట్రుకతో కట్టొద్దు. యాసిడ్ పొయ్యొద్దు. ఆనె అని బ్లేడుతో చెక్కొద్దు. పైన మాడిపోయి కనపడకుండా పోతాది, కింద పెరగతా ఉంటాది. ఎవరన్నా కోసి తీస్తే, తీసిన ముక్కని పారెయ్యనియ్యొద్దు, పరీక్షకి పంపమనండి. ఆ కాగితం జాగ్రత్తగా దాచండి.

ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా పెద్దదేం కాదు. నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకి ఇంటింటి పరీక్షలు పెట్టారు. కుష్ఠు మచ్చల కోసం ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరుగుతారు. ఆ తిరిగే పూటే అరికాళ్లు, గోళ్లు కూడా చూడమని వాళ్లకి ఒక్కరోజు శిక్షణ ఇస్తే చాలు. ముక్క పరీక్షకి మనిషి గుంటూరు పోకుండా, ముక్క మాత్రమే పోయే ఏర్పాటు కావాల. జన్యు పరీక్ష, తిరగబెట్టినప్పుడు చేసే రెండో పరీక్ష ఆరోగ్య పథకంలో ఉండాల. వచ్చే గ్రామసభలో ఎవరో ఒకరు లేచి ఈ మాట అడిగి, తీర్మానంలో రాయించండి.

ఇక ఇప్పటికే మందు వాడతా, రోగం తిరగబెట్టిన మనిషి మీ ఊళ్లో ఉంటే ఆ ఇంటికి పోయి ఒక్క మాట చెప్పండి. "నీ తప్పేం లేదు. మందు మోసమూ కాదు. లోపల గుంపు మారింది, ఇప్పుడు ఏ గుంపు ఉందో పరీక్ష చేయించుకుందాం పద, నేనొస్తా." ఆసుపత్రి కాగితాలు చదవగలిగిన మనిషి పక్కనుంటే సగం ధైర్యం. ఆ కాగితాలు చదవగలిగింది ఊళ్లో మీరే.